వడియాల పక్కన కమడోర్

పాత కంప్యూటర్ల ప్రేమికుల సంఘానికి నేను కార్యదర్శిగా ఎన్నికై మూడేళ్ళయింది. ఎన్నికై అంటే, ఆ రోజు మీటింగుకి నేను ఆలస్యంగా వెళ్ళాను.

సంఘం గురించి బయట కొన్ని అపోహలున్నాయి. మేం పాత ఇనప సామాన్ల వ్యాపారం చేస్తున్నామని, ఇంట్లో వాళ్ళకి అన్నం పెట్టడం లేదని. వీటిని ఖండించడం నా బాధ్యత. పాత సామాన్లవాడు మాకు మిత్రుడు కాదు, పోటీదారు. అతను కిలోల్లో కొంటాడు, మేం కిలోబైట్లలో కొంటాం. ఇక మా లెక్కలు దాచేవి కావు: సభ్యులు 18 మంది, కార్యవర్గంలో 11 మంది, నియమాలు 31, పనిచేసే మెషీన్లు 4. ఆ నాలుగూ ఒకేరోజు పనిచేసిన దాఖలా లేదు.

నెలనెలా రెండో ఆదివారం హైదరాబాదు ఏ.ఎస్.రావు నగర్‌లో ఒక సభ్యుడి ఫ్లాటులో కలుస్తాం. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సు దిగి నడిచిపోవచ్చు. భుజాన సంచిలో 1982 నాటి యంత్రం, అది తగలకుండా చుట్టూ రెండు తువ్వాళ్ళు. చూసినవాళ్ళు పసిపిల్లను ఆస్పత్రికి తీసుకెళ్తున్నామనుకుని సీటిస్తారు.

మా సంఘానికి ఆరాధ్య దైవాలు ఇద్దరు. ఒకటి జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్, రెండోది కమడోర్ 64. రెండూ 1982లోనే బయటికొచ్చాయి. స్పెక్ట్రమ్ ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీది. చూయింగ్ గమ్ లాంటి రబ్బరు మీటలు, 48 కిలోబైట్ల మెమరీ ఉన్న మోడల్ 175 పౌండ్లు. కమడోర్ అమెరికాది, 64 కిలోబైట్లు, 595 డాలర్లు. ఆన్ చెయ్యగానే నీలం తెర మీద ‘38911 బేసిక్ బైట్స్ ఫ్రీ’ అని వస్తుంది, అంటే ప్రోగ్రాములకి మిగిలిన జాగా. మా సభ్యులు ఆ అంకెను కళ్ళు మూసుకుని పలుకుతారు. పిల్లల పుట్టినరోజులు మాత్రం ఫోనులో చూసి చెప్తారు.

ఆ 1982లో మావాళ్ళలో సగం మంది పలక మీద అఆలు దిద్దుతున్నారు, మిగతా సగం పుట్టలేదు. మా ట్రెజరర్ గారి ఊళ్ళో అప్పటికి కరెంటు స్తంభాలున్నాయి గానీ కరెంటు మాత్రం అప్పుడప్పుడు చుట్టపుచూపుగా వచ్చిపోయేది. అయినా రబ్బరు మీటలు కనబడగానే ఆయన గొంతు పూడుకుపోతుంది. “నా బాల్యం” అంటారు. “మీ బాల్యం సూర్యాపేట దగ్గర కదా సార్” అంటే, “అది వేరే” అంటారు. బెంగపడే బాల్యం సొంతదే అయ్యుండాలని ఒక నియమం పెడదామని ఎవరో ప్రతిపాదించారు. ఓటింగులో చిత్తుగా ఓడిపోయింది. అది గెలిస్తే సంఘంలో మిగిలేది ఒక్కరే.

ఆ ఒక్కరూ నిజంగానే చిన్నప్పుడు కంప్యూటరు చూశారు. 1984–85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అని ఒక పథకం పెట్టి బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. వాళ్ళ బడికీ వచ్చాయి. గది తాళం హెడ్మాస్టరు దగ్గర. చెప్పులు బయట విడిచి, వరసలో నిలబడి లోపలికి వెళ్ళాలి. కంప్యూటరు మీద కుట్టుపూల గుడ్డ. మాస్టారు గుడ్డ తీసి చూపించి, అందరూ చూశారా అని అడిగి, మళ్ళీ కప్పేసేవారట. తీర్థప్రసాదాలొక్కటే తక్కువ. రెండేళ్ళలో ఆయన స్వయంగా నొక్కిన మీట ఒక్కటి, స్పేస్ బార్. అన్నిటికన్నా పొడుగ్గా ఉంది కాబట్టి వేలు గురి తప్పదని మాస్టారు అది నొక్కనిచ్చారు. అంతటి అనుభవం ఉన్న మనిషి సంఘంలో ఇంకొకరు లేరు. అందుకే ఆయన మాకు సాంకేతిక సలహాదారు.

ఇక మా సిద్ధాంత విభేదాల సంగతి. సంఘంలో మూడు వర్గాలున్నాయి. మొదటి వర్గం మడి కట్టుకున్నవాళ్ళు. మెషీన్లో ఫ్యాక్టరీ బిగించిన స్క్రూ కూడా మారకూడదు. క్యాసెట్ నుంచే లోడ్ చెయ్యాలి, డబ్బా టీవీలోనే చూడాలి. రెండో వర్గం సంస్కరణవాదులు. పాడైన కెపాసిటర్ల లాంటి విడిభాగాలు మార్చొచ్చు, క్యాసెట్ బదులు మెమరీ కార్డు పెట్టొచ్చు, మనిషికి మోకాలి చిప్ప మార్చడం లేదా అంటారు. మూడో వర్గం ఎమ్యులేటర్ వాళ్ళు. పాత మెషీన్ మొత్తాన్ని ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాముగా నడిపించుకుంటారు. డబ్బు ఖర్చవదు, చోటు పట్టదు, దుమ్ము పట్టదు, ఆటలన్నీ నడుస్తాయి. ఇన్ని సుఖాలున్నది భక్తి ఎలా అవుతుందని మొదటి వర్గం వాదన. టీ కప్పులు కలిసిపోకుండా మూడో వర్గానికి పేపరు గ్లాసుల్లో ఇస్తున్నాం.

పోయిన వేసవిలో ఈ విభేదం పొగ దాకా వెళ్ళింది. మడి వర్గంలో ఒకాయన ఒక బ్రిటిష్ యంత్రం సంపాదించారు. నలభై ఏళ్ళుగా ఎవరో అటక మీద దాచింది. ఆ కాలం పవర్ సప్లైలలో కరెంటు వచ్చే చోట కాగితపు పొరలతో చేసిన ఒక బుల్లి కెపాసిటర్ ఉంటుంది. దాని పసుపు తొడుగు ఏళ్ళు గడిచేకొద్దీ బీటలిస్తుంది, బీటల్లోంచి గాల్లో తేమ లోపలికి చేరుతుంది. కరెంటు ఇచ్చే ముందే దాన్ని పీకి కొత్తది వెయ్యమని సంస్కరణవాదులు మొత్తుకున్నారు. ఇరవై రూపాయల పని. ఆచారం ఒప్పుకోలేదు. స్విచ్ వేశారు. ఒక్క నిమిషం అద్భుతంగా పనిచేసింది. తర్వాత ‘ఠప్’మంది. హాలంతా తెల్లటి పొగ, ఎండుచేపలు మాడిన వాసన. ఇంటావిడ గుమ్మం దాకా వచ్చి, మా అందరినీ ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అనుంటే బాగుండేది.

మడి వర్గం మాత్రం చలించలేదు. “పొగ కూడా ఒరిజినలే” అన్నారు. నలభై ఏళ్ళ నాటి ఇంగ్లండు పొగ, ఇంకా సీలు విప్పనిది. ఇలాంటిది డబ్బు పోసినా దొరకదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 1976లో 666 డాలర్ల 66 సెంట్లకు అమ్మిన యాపిల్-1 కంప్యూటరు ఒకటి 2014లో వేలానికొస్తే, హెన్రీ ఫోర్డ్ పేరు మీదున్న మ్యూజియం వాళ్ళు 9,05,000 డాలర్లు పెట్టి కొన్నారు. ఈ వాక్యం మా సభ్యులందరి పర్సుల్లోనూ లామినేట్ చేసి ఉంటుంది, ఇంట్లో అడిగినప్పుడు చూపించడానికి. మా సంఘం చరిత్రలో ఇప్పటిదాకా అమ్ముడుపోయిన మెషీన్ ఒక్కటే. సభ్యుడు ఊళ్ళో లేనప్పుడు, పాత పేపర్లతో కలిపి, నూట ఎనభై రూపాయలకు.

మెషీన్లు ఎక్కువగా అమెరికా నుంచి వస్తాయి, బావమరుదుల సూట్‌కేసుల్లో. వెళ్ళేటప్పుడు ఆవకాయ, వచ్చేటప్పుడు కమడోర్. పెట్టెకి 23 కిలోలే కాబట్టి పిల్లల బట్టలు అక్కడే వదిలేసి రమ్మంటాం. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ఈ సంగతి అందరికీ తెలుసు, మా ఉపాధ్యక్షుడికి కూడా తెలుసు. కానీ డబ్బా విప్పిన ఆనందంలో మనిషికి అన్నీ గుర్తుంటాయా? ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన భార్య పట్టింది, అది చాలు.

నా సొంత కృషి గురించి చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ పాత కంప్యూటర్లకు పచ్చకామెర్లు నయం చెయ్యడంలో నాకు కొంచెం పేరుంది. ఆ రోజుల్లో ప్లాస్టిక్‌కి నిప్పంటుకోకుండా బ్రోమిన్ కలిపిన మందు వేసేవారు. వెలుతురు తగిలి తగిలి తెల్లటి డబ్బా ముసలి పళ్ళ రంగుకి వస్తుంది. దానికి విరుగుడు హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ. ఇంగ్లండు వాళ్ళకి ఎండ లేక అల్ట్రావయొలెట్ దీపాలు కొనుక్కుంటారు పాపం. మనకి ఏప్రిల్ నుంచి ఫ్రీ. మీటలన్నీ ఊడదీసి, బ్యూటీ పార్లర్లో జుట్టుకి వాడే పెరాక్సైడ్ క్రీము బ్రష్షుతో పూసి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, మేడమీద ఆరబెడతాను. గంటకోసారి తిప్పుతూ ఉండాలి, లేకపోతే చారలు పడతాయి. మా అత్తగారు అదే మేడమీద గుమ్మడి వడియాలు పెడతారు. ఆవిడ పాత చీర మీద వరసలు వరసలుగా వడియాలు, పక్కన నా పాత పంచె మీద వరసలు వరసలుగా మీటలు. “నీవాటికి కాకుల బెడద లేదు నాయనా” అంటారావిడ. సాయంత్రం ఆవిడ వడియం తీసుకుని తిరగేసి చూస్తారు, నేను మీట తీసుకుని తిరగేసి చూస్తాను. ఇద్దరం తృప్తిగా తలూపుతాం. కాకపోతే వడియాలు ఏడాదంతా నిలవుంటాయి. నా తెలుపు కొన్నాళ్ళకి మళ్ళీ పచ్చబడుతుంది. జుట్టుకి వేసే మందే కదా, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది.

అసలు విషయానికొస్తాను. పోయిన నెల మీటింగు నివేదిక మీద కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజు ఎజెండాలో మొదటి అంశం స్పెక్ట్రమ్ మీద క్యాసెట్ నుంచి ఒక ఆట ఎక్కించడం. దానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలూ టేపు కీచుమంటూ ఉంటే తెర అంచుల్లో రంగుల చారలు పరిగెడుతుంటాయి, సభ్యులందరూ లేచి నిలబడతారు. ఇది నియమాల్లో లేదు, అలవాటైపోయింది. నాలుగో నిమిషం దాటాక ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’ అని వచ్చింది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అదే. మూడోసారి సాంకేతిక సలహాదారు ముందుకొచ్చి స్పేస్ మీట నొక్కారు. లాభం లేదు.

లోపలి గదిలోంచి ఇంటాయన మామగారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి, చేతిలో పేపరు. “టేపు హెడ్ మురికి పట్టిందేమో, స్పిరిట్‌తో తుడవండి బాబూ” అన్నారు. తుడిచాం. ఎక్కింది. మర్యాదకి కూర్చోమన్నాం. అదే పొరపాటు.

ఆయన 1970ల్లో ఈసీఐఎల్‌లో, అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో, పనిచేశారట. “మేం ఇక్కడే కంప్యూటర్లు చేశాం బాబూ” అన్నారు. ఈసీఐఎల్ అంటే బస్టాపని మా అందరికీ తెలుసు, ఓటింగ్ మిషన్లు చేస్తారని కొందరికి తెలుసు. కంప్యూటర్లేమిటి? టీడీసీ-12 అని 1969లో వచ్చిందట. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, పన్నెండు బిట్లది. తర్వాత పదహారు బిట్ల టీడీసీ-316. స్పెక్ట్రమ్ కన్నా పదమూడేళ్ళు ముందు, మేం బస్సు దిగే చోటికి నడక దూరంలో. “ఈ కాలనీకి ఎవరి పేరు పెట్టారో తెలుసా?” అని అడిగారు. రియల్ ఎస్టేట్ ఆయనెవరో అయ్యుంటారని ట్రెజరర్ గారు అన్నారు. కాదట, 1967లో ఆ సంస్థను మొదలుపెట్టిన అయ్యగారి సాంబశివరావు గారట. ఈ వివరాలు ఎజెండాలో లేవని నేను వినయంగా గుర్తుచేశాను.

అయినా సంఘం విశాల దృక్పథంతో ఆయన సభ్యత్వాన్ని పరిశీలించింది. నాలుగో నియమం ప్రకారం సభ్యుడి దగ్గర సొంత మెషీన్ ఉండాలి. “బీరువా అంతుండేది బాబూ, ఇంటికి తెచ్చుకోనిస్తారా?” అన్నారు. దాని మీద ఏయే ఆటలుండేవని సంస్కరణవాదులు అడిగారు. “ఆటలా? లెక్కలుండేవి” అన్నారు. మూడో వర్గం వాళ్ళు దానికి ఎమ్యులేటర్ ఉందేమోనని అప్పటికప్పుడు ఫోనులో వెతికి, పెదవి విరిచారు.

ఆయన లోపలికెళ్ళి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చారు. అందులో పేపర్ టేపు చుట్ట. అంగుళం వెడల్పు, బారు పొడవునా చిల్లులు. ప్రోగ్రాములు దానిమీదే ఉండేవట. మొదటి జానెడు ముక్క మెషీన్ చదవడానికి కాదు, మనుషులు గుర్తుపట్టడానికి, చిల్లులతోనే అక్షరాల ఆకారం వచ్చేలా కొట్టేవాళ్ళట. ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టుకుని చూపించారు. ఇంగ్లీషులో ఏదో ఆడవాళ్ళ పేరు, ఐదక్షరాలు, వెలుగు చుక్కలు చుక్కలుగా. “లంచ్ టైములో కొట్టాను. మా ఆవిడ పేరు” అన్నారు. గోడ మీద దండ వేసిన ఫోటో వైపు చూడలేదాయన. మేం చూశాం.

టేపు బాగుంది. కానీ అది మా నాలుగు మెషీన్లలో దేనికీ పట్టదు. కాబట్టి ధన్యవాదాలు చెప్పి డబ్బా ఆయనకే తిరిగి ఇచ్చేసి, ఇంగ్లండు నుంచి స్పెక్ట్రమ్ రబ్బరు మీటల కొత్త సెట్టు తెప్పించే విషయం మీద గంటన్నర చర్చించి, తలా పన్నెండొందలు వేసుకోవాలని తీర్మానించాం. నివేదికలో నేను రాసింది ఇంతే. అంశం ఒకటి: ఆట ఎక్కింది. అంశం రెండు: మీటలు ఆమోదం. ఇతర విషయాలు: లేవు.