రోడ్డు నీళ్లు నేరుగా వాగులోకా?

అమెరికాలోని సియాటిల్‌లో ఇళ్ల వెనక నుంచి, రోడ్ల కింద నుంచి పారే థార్న్‌టన్ క్రీక్, లాంగ్‌ఫెలో క్రీక్ లాంటి వాగులు పైకి చూస్తే మురుగు కాలువల్లా అనిపించవచ్చు. వాటిలోకి సాల్మన్ చేపలు వస్తాయి. మన పులసలాగే ఇవీ సముద్రం నుంచి ఎదురీది, మంచినీళ్లలో గుడ్లు పెడతాయి. కోహో రకం పిల్లలైతే ఏడాదికి పైగా వాగులోనే పెరుగుతాయి. కాబట్టి గుడ్లు పెట్టే కొద్ది వారాలు నీళ్లు బాగుంటే సరిపోదు. వేసవిలో చల్లదనం, వరదొస్తే తలదాచుకునే చోటు, తినడానికి పురుగులు ఏడాదంతా ఉండాలి.

థార్న్‌టన్ క్రీక్‌లో 2014లో ఆ పని చేసి చూపించారు. వాగు పక్కన వరదనీరు పరుచుకునే చోటు తిరిగి ఇచ్చారు, అడుగున కంకర పరిచారు, దుంగలు వేశారు. 2018లో అక్కడ చినూక్ సాల్మన్ గుడ్లు పెట్టింది.

అయితే చెట్లూ కంకరా ఒక్కటే చాలవు. వాన పడగానే నగర వాగుల్లో కోహోలు గంటల్లో గిలగిలా కొట్టుకుని చచ్చిపోవడం ఏళ్లపాటు అంతుపట్టలేదు. కొన్నిచోట్ల తిరిగొచ్చిన వాటిలో 40 నుంచి 90 శాతం గుడ్లు పెట్టకముందే పోయేవి. కారణాన్ని 2020 చివర్లో పరిశోధకులు బయటపెట్టారు. టైర్లు పగుళ్లివ్వకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం, గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అనే విషంగా మారుతుంది. టైర్ల అరుగుడు పొడిలో ఉన్న ఆ విషాన్ని వాననీరు వాగులోకి మోసుకుపోతుంది. పిల్ల చేపలకూ అది ప్రాణాంతకమే.

ఆ రసాయనాన్ని టైర్లలో వాడకుండా చూడాలని మూడు ఆదివాసీ తెగలు కోరాయి. అమెరికా పర్యావరణ సంస్థ 2023లో ఆ వినతిని ఆమోదించింది. మంచిదే. కానీ సురక్షితమైన బదులు రసాయనం దొరికి, పాత టైర్లన్నీ పోయేదాకా చేపలు ఆగలేవు. రోడ్డు నీటిని ఇసుక, కంపోస్ట్ కలిపిన మట్టి పొరలోంచి ఇంకనిస్తే కోహోలు బతుకుతున్నాయని ప్రయోగాల్లో తేలింది. ఇంత సులువైన ఉపాయం చేతిలో ఉండగా, రోడ్డు పైపును నేరుగా వాగులోకి వదలడాన్ని మేము ఒప్పుకోలేం.

సియాటిల్ శివార్లలో, రెడ్మండ్‌లోని బేర్ క్రీక్, బాతెల్‌లోని నార్త్ క్రీక్ దగ్గర్లో మనవాళ్ల ఇళ్లు చాలానే ఉన్నాయి. సిటీ కౌన్సిల్ బడ్జెట్ మీటింగుల్లో వాళ్లు కూడా మాట్లాడాలి. ట్రాఫిక్ ఎక్కువున్న రోడ్ల నుంచి, కోహోలు ఇంకా వస్తున్న వాగుల్లోకి తెరుచుకునే పైపులకు ముందుగా మట్టి వడపోతలు కట్టమని అడగాలి.