నాలుగు రౌండ్లు వేస్తున్నా మార్పు లేదంటే...

ఒంగోలు చుట్టుపక్కల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు తెలుసు, గిత్తలను పళ్లను బట్టి, అంటే వయసును బట్టి, విడగొడతారు. పాలపళ్లవాటికి తేలిక బండ, సీనియర్ జతకు పెద్ద బండ. లేత గిత్తకు మొదటిరోజే పెద్ద బండ కట్టే రైతు ఉండడు. అదే ఇంట్లో నలభై దాటిన మనిషి మాత్రం, డాక్టర్ షుగర్ ఉందనగానే తెల్లారి గ్రౌండ్‌కెళ్లి పరుగందుకుంటాడు. పదో రోజుకు మడమో మోకాలో పట్టేస్తుంది.

తప్పు పరుగుది కాదు, తొందరది. గుండె, కండ త్వరగా అలవాటుపడతాయి. కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీ, అదే టెండన్, గట్టిపడటానికి నెలలు పడుతుంది. దానికి రక్తం అందేదే తక్కువ. ఆయాసం తగ్గింది కదా అని వేగం పెంచితే దెబ్బ తగిలేది అక్కడే.

ఇంకొందరు రెండు వారాలు నడిచి, కాటా ఎక్కి, కిలో కూడా తగ్గలేదని మానేస్తారు. అప్పటికే లోపల చాలా జరిగి ఉంటుంది. మొదటి వారం పది రోజుల్లోనే రక్తంలోని నీటి భాగం, అదే ప్లాస్మా, పెరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి నాడి నెమ్మదిస్తుంది. మొదట్లో ఎక్కువ బరువు ఎత్తగలుగుతున్నామంటే కండ పెరిగి కాదు, ఉన్న కండనే ఎక్కువగా పనిలోకి దించడం నరాలు నేర్చుకున్నాయి. కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడం ఆ తర్వాతి వారాల సంగతి. కాటాకు ఇవేవీ తెలియవు.

షుగర్ ఉన్నవాళ్లకు అసలు ముఖ్యమైనది వేరే ఉంది. పనిచేసే కండ ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. ఆ ప్రభావం ఒకటి రెండు రోజులే. ఆదివారం రెండు గంటలు నడిచి శనివారం దాకా కుర్చీలో కూర్చుంటే లెక్క కుదరదు.

ఏళ్ల తరబడి అదే నాలుగు రౌండ్లు, అదే నడక, అవే కబుర్లు. దాంతో మేలు లేదనను, కానీ అలవాటైపోయిన పనికి ఒళ్లు కొత్తగా మారదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అంటున్నది మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం గురించి. అసెంబ్లీ రాజకీయాలన్నీ తీరిగ్గా తేల్చేస్తున్నారంటే ఆ వేగం రానట్టే.

సంక్రాంతికి పది పదిహేను రోజులు ఆపేసి మళ్లీ వచ్చినవాళ్లు రెండో రౌండుకే రొప్పుతారు. పెరిగిన ప్లాస్మా ఆ కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. అక్కడే పరువుకు పోయి పాత వేగం అందుకోకూడదు. ఒక రౌండు తగ్గించి మొదలుపెడితే కొన్ని వారాల్లో పాత చోటికి వచ్చేస్తారు.