పరమగీతం కూడా బైబిల్లోదే

క్రైస్తవం లైంగికతను మొదటినుంచీ పాపంగానే చూసిందని ఒక వ్యాసంలో రాశారు. అలా బోధించినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఎనిమిది అధ్యాయాల పరమగీతం దాదాపు మొత్తం ప్రేమికుల మాటలే కదా! తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన లేఖలో (1 కొరింథీయులు 7:4) భార్య దేహంపై భర్తకు అధికారం ఉందని చెప్పి ఆగలేదు, భర్త దేహంపై భార్యకూ అంతే ఉందన్నాడు. యజమాని బానిసను ఇష్టమొచ్చినట్టు వాడుకున్నా తప్పనిపించని రోమన్ లోకంలో అది చిన్న మాట కాదు.

ఇప్పుడేమో సబ్బు ప్రకటన నుంచి రీల్స్ దాకా దేహమే సరుకు. బొటనవేలితో పైకి తోస్తే ఒక మనిషి పోయి ఇంకో మనిషి వస్తుంది. ఆమెకో పేరుందని ఎవరికీ తట్టదు. చర్చిల్లోనూ చాలాచోట్ల లైంగికత సంగతి పెళ్లికి ముందు పది నిమిషాల కౌన్సెలింగ్‌తో సరి. అప్పటికే పిల్లలకు ఫోనే ఆ పాఠాలన్నీ చెప్పేసి ఉంటుంది.