మూడు నెలలు గడవకుండానే తీర్పు చెప్పేస్తే ఎలా?

ఫోన్ల మీద తిరుగుతున్న ఒక మెసేజ్ చాలామందిని భయపెడుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి గుండె ఆపరేషన్ అయ్యాక మళ్లీ దడ వస్తే ఆపరేషన్ ఫెయిలైనట్టే. దడ లేకపోతే జబ్బు పోయినట్టే, రక్తం పలచబరిచే మందులు మానేయొచ్చు. మూడు నెలలు మంచం దిగకూడదు." మూడూ తప్పే. రెండోది మాత్రం ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

ముందు దడ సంగతి. ఈ జబ్బులో గుండె పైగదులు లయ తప్పి వణుకుతుంటాయి. 1987లో జేమ్స్ కాక్స్ అనే సర్జన్ మొదలుపెట్టిన మేజ్ ఆపరేషన్‌లో ఆ గదుల గోడల మీద కావాలనే మచ్చలు చేస్తారు. అప్పట్లో కోసి కుట్టేవారు, ఇప్పుడు ఎక్కువగా వేడితోనో విపరీతమైన చలితోనో చేస్తున్నారు. గుండె లయను తప్పించే కరెంటు మచ్చ కట్టిన చోట దాటదు. కానీ గాయం మచ్చగా గట్టిపడేందుకు వారాలు పడుతుంది, ఈలోగా గుండె వాచి ఉంటుంది. ఈ జబ్బు ఎప్పుడూ లేనివాళ్లలో కూడా బైపాస్ అయిన కొద్దిరోజుల్లో నూటికి 30 మందికి అటూ ఇటూగా లయ తప్పుతుంది! అందుకే తొలి మూడు నెలల్లో వచ్చే దడను బట్టి ఆపరేషన్ ఫలితాన్ని తేల్చడం పరిపాటి కాదు. అలాగని దాచుకోకూడదు. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు, అవసరమైతే చిన్న షాక్‌తో లయ సరిచేస్తారు.

ఇక రక్తం పలచబరిచే మందులు. లయ తప్పిన పైగదుల్లో రక్తం గడ్డ కట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది, ఆ మందులు దాన్ని ఆపడానికే. దడ తెలియనంత మాత్రాన లయ సరిగ్గా ఉన్నట్టు కాదు, ఈ జబ్బు చడీచప్పుడు లేకుండా కూడా వస్తుంది. "నాకు ఎడమ పైగదికి అంటుకున్న సంచిని కూడా మూసేశారు, ఇంక గడ్డ ఎక్కడ కడుతుంది?" అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ సంచి మూయడం మీద 2021లో వెలువడిన లాస్-3 అనే వైద్య అధ్యయనంలో సుమారు 4,800 మంది పాల్గొన్నారు. మూసినవాళ్లలో పక్షవాతం దాదాపు మూడో వంతు తగ్గింది. అయితే మూడేళ్ల తర్వాత కూడా వాళ్లలో ఎక్కువమంది మందు వాడుతూనే ఉన్నారు, అంటే ఆ లాభం మందుతో పాటు వచ్చిందే తప్ప మందుకు బదులుగా కాదు. ఎప్పుడు ఆపాలో వయసు, బీపీ, షుగర్, గతంలో పక్షవాతం వచ్చిందా లేదా అన్నవి చూసి డాక్టరు తేలుస్తారు. మెసేజ్ రాసినాయన మీ రిపోర్టులు చూడలేదు కదా.

మంచం విషయం రెండు మాటల్లో తేలిపోతుంది. ఆస్పత్రిలో ఉండగానే నడిపిస్తారు. ఛాతీ కోసి ఉంటే రొమ్ము ఎముక అతకడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా గట్టిపడటానికి ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి అప్పటిదాకా బరువులెత్తొద్దంటారు. నడవొద్దనరు.

నిజంగా టెన్షన్ పడాల్సినవి వేరే ఉన్నాయి: జ్వరం, గాయం నుంచి చీము, రొమ్ము ఎముక టక్కుటక్కుమనడం, స్పృహ తప్పడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం. వీటి గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క కూడా లేదు.