రక్తం వస్తోందని బ్రష్ ఆపకండి

చిగుళ్ళ నుంచి రక్తం వస్తే కొన్నాళ్ళు బ్రష్ మానేసి వేలితో తోముకోమని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ మాట సవరించండి. చాలామందిలో ఆ రక్తానికి కారణం చిగురు అంచున పేరుకున్న మెత్తటి పాచి. అక్కడ తోమడం మానేస్తే పాచి పెరిగి, వాపూ రక్తమూ ఎక్కువవుతాయి.

మెత్తటి కుచ్చుల బ్రష్‌ను చిగురు అంచుకి 45 డిగ్రీల వాలులో ఆనించి, గట్టిగా నొక్కకుండా చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమాలి, రోజుకి రెండుసార్లు. పళ్ళ సందుల్లోకి బ్రష్ వెళ్ళదు, అక్కడికి ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే సన్నటి దారం) కావాలి. ఇలా చేస్తే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో రక్తం తగ్గుతుంది.

తగ్గలేదంటే పాచి గారగా గట్టిపడి ఉండొచ్చు. అది బ్రష్‌తో పోదు, డాక్టరు దగ్గర క్లీనింగ్ చేయించాల్సిందే. క్లీనింగ్‌తో పళ్ళు వదులవుతాయన్న భయం మనవాళ్ళలో చాలా ఉంది. నిజానికి సందుల్లో నిండిన గార పోయేసరికి ఖాళీ తెలుస్తుంది, కొన్ని రోజులు చల్లనీళ్ళకి జివ్వుమంటుంది, అంతే. పళ్ళని వదులు చేసేది ఆ గార కింద కరిగిపోయే ఎముక.

షుగర్ ఉన్నవాళ్ళూ, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళూ ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. మాత్రలు సొంతంగా ఆపకూడదు.