గుంత పొంగణాలు, అల్లుడి గుండ్లు

(ప్రొద్దుటూరు. ఆదివారం పొద్దున ఎనిమిది గంటలు. మామ ముప్పై ఐదేండ్లు లేత్ మిషన్ మీద నూనె మిల్లుల షాఫ్టులు తిప్పినోడు. పని మానేసినా మైక్రోమీటర్, అదే వెంట్రుక మందం కూడా కొలిచే పనిముట్టు, దిండు కింద పెట్టుకోనిదే నిద్ర పట్టదు. అత్త పొయ్యి మీద పొంగణాల పెనం పెట్టింది. నేను మేనల్లుణ్ణి. ఈ కథలో నేను నోరు తెరిచేది తినేదానికి మాత్రమే.)

అత్త: ఏమయ్యా, గంట నుంచి ఫోన్లో "థౌ, థౌ" అంటాండావు. ఎవుర్నన్నా కుక్క తరుముకుంటాందా?

మామ: టెక్సాస్ నుంచి అల్లుడు మే. పెద్ద రైఫిల్ కొన్నాడంట, 45-70. దానికి సీసం గుండ్లు సొంతంగా పోసుకుంటాడంట. అచ్చు ఎట్లాంటిది కొనాల మామా అని అడుగుతాండాడు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు.

అత్త: (గరిటె కింద పెట్టి) తుపాకీనా! మెల్లగా మాట్లాడు, పక్కింటోళ్లు తలుపులు వేసుకుంటారు. నువ్వేమన్నా గుండ్లు చేసి పార్సిలు పంపుతాండావా ఏంది?

మామ: నాకేమన్నా తిక్కా? ఈడ లైసెన్సు లేకుండా గుండు పోస్తే 1959 ఆయుధాల చట్టం కింద లోపలేస్తారు. 1972 వన్యప్రాణుల చట్టం వచ్చినాక కుందేలును కొట్టినా కేసే. టెక్సాస్‌లో సంగతి వేరు. అడవిపందులు చేలన్నీ తవ్వి పోస్తాండాయని, సొంత భూమిలోనో, భూమి ఆసామి ఒప్పుకుంటేనో పందిని కొట్టేదానికి వేట లైసెన్సు కూడా అక్కరలేదని 2019లో తీసేసినారు.

అత్త: మన శనక్కాయ చేన్లలో ల్యావా పందులు? మా తమ్ముడు రాత్రంతా డబ్బా వాయించుకుంటా కూర్చుంటాడు. సరే, ఆ గుండు ఎంతుంటాది?

మామ: 405 గ్రెయిన్లు.

అత్త: మనుషులకు అర్థమయ్యేటట్ల చెప్పు.

మామ: పాత తులానికి 180 గ్రెయిన్లు. అంటే... రెండుంపావు తులాలు.

అత్త: రెండుంపావు తులాలా! ఒక పంది మీదికి నా నల్లపూసల దండంత బరువు ఇసిరేస్తాడా!

మామ: సీసం మే, బంగారు కాదు.

అత్త: ఏదైనా తులం తులమే. అది సరే, ఏ తులం? ఇప్పటి అంగళ్ల పది గ్రాముల తులమా, మా నాయన తూచిన తులమా?

మామ: మీ నాయన తులమే, 11.66 గ్రాములు. ఈ తూటా కూడా ఆ కాలందే, 1873లో అమెరికా సైన్యం పెట్టుకున్నది. 45 అనేది లావు, అంగుళంలో నూటికి 45 వంతులు, అంటే 450 థౌలు. 70 అనేది లోపల పోసే నల్ల తుపాకీ మందు, గ్రెయిన్లలో. అయితే పేరుకే 45 గానీ, గుండు నిజంగా 458 థౌలుంటాది.

అత్త: పేరొకటి, కొలతొకటి. తులమని చెప్పి పది గ్రాములు ఇచ్చినట్ల.

మామ: అందుకే అల్లుడికి చెప్తాండా, డబ్బా మీద పేరు చూసి అచ్చు కొనొద్దని. ముందు తుపాకీ గొట్టం కొలవాల. గుండు గిర్రున తిరగాలని దాని లోపల గాడులు కోసుంటారు. మెత్తటి సీసం ముక్కకు నూనె పూసి, ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తోస్తే లోపలి గాడుల గుర్తు దాని మీద పడతాది. దాన్ని మైక్రోమీటర్‌లో పెట్టి చూసుకోవాల. గాడులు ఆరుంటే ఎదురెదురుగా వస్తాయి, తిప్పలు ల్యావు. ఆ 1873 నాటి సర్కారు రైఫిల్‌కు మూడే గాడులు. గాడికి ఎదురుగా గాడి ఉండదు, మామూలు మైక్రోమీటర్‌తో కుదరదు. దానికి వి-అన్విల్ అని ఒకటి...

అత్త: గాడులు చాలు. కొలిచినాక?

మామ: గాడి కొలత కంటే ఒక థౌ, మహా అయితే రెండు థౌలు లావుండాల గుండు. సన్నమైతే మందు కాలిన గ్యాసు సందులోంచి తన్నుకోనొచ్చి సీసాన్ని కరిగిస్తాది. గొట్టం లోపలంతా సీసం పూత. గుండు యాడికి పోతాదో దానికే తెలీదు.

అత్త: ఒక్క థౌకు ఇంత గోలా?

మామ: ఒక్క థౌకే!

అత్త: మరి నా గాజులు ఏంటికి కొలవకుండా తెచ్చినావు?

మామ: ఇప్పుడు గాజుల మాటేంటికి...

అత్త: నలభయ్యో పెండ్లిరోజు. 2-4 సైజు పట్టుకోనొచ్చినావు. నా చెయ్యి 2-8. రెండింటికీ నాలుగు పదహారో వంతుల అంగుళం తేడా. నీ లెక్కలో ఎన్ని థౌలు?

మామ: (గొణుగుతా) రెండు వందల యాభై.

అత్త: గట్టిగా చెప్పు, మేనల్లుడు వినాల.

మామ: రెండు వందల యాభై!

అత్త: పంది కోసం ఒక్క థౌ చూస్తాడు. పెండ్లాం చేతికి రెండు వందల యాభై వదిలేస్తాడు. సబ్బు పూసి ఎక్కించబోతే మణికట్టు వాచి మూడు దినాలు పిండి కూడా కలపలేకపోతి.

(గాజుల కథ నేను వినడం ఇది పదకొండోసారి. థౌల లెక్కలో వినడం మాత్రం ఇదే మొదలు.)

మామ: (మాట మారుస్తా) ఇంకోటి, అచ్చు ఇనపదా, అల్యూమినియందా అనేది.

అత్త: ఇనపదే.

మామ: నీకెట్ల తెలుసు?

అత్త: ఈ పెనం మా అమ్మది. కాగేదానికి పావుగంట పడతాది, కాగినాక వేడి నిలబడతాది. నీ కూతురు తెచ్చిన అల్యూమినియంది చిటికెలో కాగి చిటికెలో ఆరతాది.

మామ: అచ్చులు కూడా అంతే. అయితే ఇనుముకు తుప్పు పడతాది, బరువు. గంటసేపు చేత్తో పట్టుకుంటే భుజం పడిపోతాది.

అత్త: నా భుజం నలభై ఏండ్లుగా పడిపోయే ఉండాది, ఎవురన్నా అడిగినారా? (మొదటి వాయి పుల్లతో తిప్పబోతే సగం పెనానికే అతుక్కుంటాయి. గీకి నా పళ్లెంలో వేస్తుంది.)

మామ: అద్దో! గుండ్లు కూడా మొదట్లో అట్లనే. అచ్చు కాగకుంటే ముడతలు ముడతలుగా వస్తాయి. శానా కాగితే మంచు పట్టినట్ల తెల్లబడతాయి. ముడతలవి ఏరి మళ్లీ కుండలో వేసి కరిగించుకోవచ్చు.

అత్త: మాకా బాధ ల్యా, మేనల్లుడుండాడు. (పెనం మీద నీళ్లు చిలకరిస్తుంది. చుయ్‌మంటుంది.)

మామ: (ఎగిరిపడి) ఇదొక్కటి మాత్రం అల్లుడికి నేర్పొద్దు! సీసం 327 డిగ్రీలకు కరుగుతాది, పోసేటప్పుడు ఇంకా ఎక్కువుంటాది. దాంట్లో నీటిచుక్క పడితే ఆవిరై సీసాన్నంతా మొగం మీదికి చిమ్ముతాది. చెమట చుక్క పడినా ముప్పే. ఇంట్లో కాదు, గాలి ఆడే చోట కండ్లద్దాలు పెట్టుకోని పోయాల. సీసం కరిగించిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

అత్త: (అనుమానంగా పెనం వైపు, మామ వైపు చూసి) దీనికేసి ఏం చూస్తాండావు?

మామ: ఊరికే. గుంతలు ఎంత గుండ్రంగా ఉండాయో అని.

అత్త: దీని మీద చెయ్యి పడిందా, నీ మైక్రోమీటర్ బావిలో ఉంటాది. ఇంతకూ ఆ గుండుకు వట్టి సీసమేనా?

మామ: వట్టి సీసం మరీ మెత్తన, గోరుతో గీరినా గీత పడతాది. ఇరవై పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపితే రోంత గట్టిపడతాది, అచ్చు మూలమూలకూ పారుతాది. ఇంకా గట్టిది కావాలంటే ఆంటిమొనీ అనే లోహం. కలిపే దాన్నిబట్టి గుండు లావు కూడా మారతాది. ఆరేటప్పుడు వట్టి సీసం ఎక్కువ కుంచుకుపోతాది, ఆంటిమొనీ ఉంటే తక్కువ. ఒకే అచ్చు, రెండు కొలతలు.

అత్త: మాకు తెలీదా? వట్టి బంగారుతో గాజు చేస్తే వంగిపోతాదనే కదా 916 అని రాగి కలిపేది. పోయిన పెండ్లిరోజు నువ్వు తెచ్చింది అదన్నా కాదు, అద్దాల గాజులు.

మామ: ఇంకా ఒకటి చెప్పాల. మూతి సూదిగా ఉండే అచ్చు వద్దన్నా. అల్లుడి రైఫిల్ లీవర్ లాగేది. తూటాలు దాచుకునే గొట్టం ఇంకోటుంటాది, దాంట్లో ఒకదాని ఎనకాల ఒకటి నిలబడతాయి. ఎనక దాని మూతి ముందు దాని ప్రైమర్‌కు, అదే దెబ్బ తగిలితే అంటుకునే అడుగు బిళ్లకు, ఆనుకోని ఉంటాది. సూది మూతైతే ఒక్క కుదుపు చాలు, లోపలే పేలతాది. చట్టి మూతి ఉండాల.

అత్త: రేషన్ అంగడి వరసలో సూది పట్టుకోని నిలబడినట్ల. అర్థమైంది.

(ఫోన్ మోగుతుంది. వీడియోలో అల్లుడు. చేతిలో డబ్బా. ఆఫర్లో ఉందని వారం కిందటే అచ్చు కొనేసినాడంట. పోసి చూస్తే గుండు 458 వస్తోందంట. గొట్టం ఇప్పుడే కొలిచినాడంట, అది 459. మామ నెత్తి పట్టుకుంటాడు.)

మామ: అయిపాయె. గుండు లావైతే సైజింగ్ డైలో తోసి సన్నం చేసుకోవచ్చు. సన్నం గుండును అట్ల తోసి లావు చేసేది కుదరదు.

అత్త: ఉంగరం వదులైతే దారం చుట్టుకోమా? ఆ అచ్చు రెండు చెక్కల నడుమ ఏమన్నా సన్నగా పెడితే ఎడంగా ఉండదా?

(మామ చాలాసేపు మాట్లాడడు. ఆయన మాట్లాడకపోవడం నేను చూడడం అదే మొదటిసారి.)

మామ: (ఫోన్లోకి, మెల్లగా) అల్లుడూ... చెక్కలు కలిసే చోట వేడికి తట్టుకునే అల్యూమినియం టేపు రోంత రోంత అతికించు. ఒకటి రెండు థౌలు పెరుగుతాది. కోడిగుడ్డు మాదిరి వస్తే 460 డైలో తోసి గుండ్రం చేసుకో. ఎవురు చెప్పినారా? అది... పాత పద్ధతిలే, అందరూ చేస్తారు.

అత్త: (వెనక నుంచి) అత్త చెప్పింది నాయనా! అంతకుముందు మా పిల్ల చెయ్యి సైజెంతో కనుక్కో!

(ఫోన్ పెట్టేసినాక మామ గమ్మున లోపలికి పోయి వెర్నియర్ తెచ్చి, అత్త చెయ్యి పట్టుకుంటాడు.)

అత్త: ఏందిది?

మామ: కొలుస్తాండా.

అత్త: పిండి చెయ్యి.

మామ: పిండి ఎన్ని థౌలుంటాదో తీసేస్తాలే. వేళ్లు దగ్గరికి పట్టు.