సవరణ: కుబర్నెటీస్‌లో ఆమోదం వేరు, సంతకం వేరు

నెల్లూరు, ఒంగోలు ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం కిందటి వారం పెట్టిన పోస్టులో, కుబర్నెటీస్ (కంటైనర్లలో నడిచే అప్లికేషన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) క్లస్టర్‌లో, అంటే అది నడిపే కంప్యూటర్ల సమూహంలో, సర్టిఫికెట్ (యూజర్ ఎవరో నిరూపించే డిజిటల్ పత్రం) అభ్యర్థనను అడ్మిన్ ఆమోదించగానే సర్టిఫికెట్ జారీ అయినట్టేననీ, ఆ అభ్యర్థనను తొలగిస్తే సర్టిఫికెట్ కూడా రద్దవుతుందనీ రాశాను. ఈ రెండూ తప్పు. కావలి నుంచి ఒక పాఠకుడు అడిగాక అధికారిక డాక్యుమెంటేషన్ చూసి సరిచేస్తున్నాను.

ఆమోదించడమంటే అభ్యర్థనపై అనుమతి నమోదు చేయడం మాత్రమే. సర్టిఫికెట్ జారీ కావాలంటే దానిపై డిజిటల్ సంతకం పడాలి; ఆ సంతకం చేయవలసింది అభ్యర్థనలోని ‘సైనర్‌నేమ్’ అనే గడిలో పేర్కొన్న సైనర్ (సంతకందారు). కుబర్నెటీస్ సొంత సైనర్ల తరఫున ఆ పనిని మామూలుగా కంట్రోలర్ మేనేజర్ (క్లస్టర్‌లో నేపథ్యంలో నడిచే ప్రోగ్రామ్) వెంటనే చేసేస్తుంది కాబట్టి రెండూ ఒకటేననిపిస్తుంది. మనం పెట్టుకున్న సైనర్ పేరు రాసి, దాని తరఫున సంతకం చేసే ప్రోగ్రామ్‌ను (కంట్రోలర్‌ను) నడపకపోతే మాత్రం తేడా బయటపడుతుంది: సర్టిఫికెట్ అభ్యర్థనల జాబితా చూపే ‘క్యూబ్‌సీటీఎల్ గెట్ సీఎస్ఆర్’ కమాండ్ కొడితే ‘అప్రూవ్డ్, ఇష్యూడ్’ అని రావలసిన చోట ‘అప్రూవ్డ్’ ఒక్కటే కనిపిస్తుంది. ఆ స్థితిలో మళ్లీ మళ్లీ ఆమోదించినా ఫలితం ఉండదు.

రెండో తప్పు మరింత ప్రమాదకరం. ఆమోదం పొందిన అభ్యర్థనలను క్లస్టరే గంట తర్వాత తొలగిస్తుంది. అయినా జారీ అయిన సర్టిఫికెట్ గడువు తీరేదాకా చెల్లుతూనే ఉంటుంది, ఎందుకంటే క్లస్టర్‌కు వచ్చే అభ్యర్థనలను స్వీకరించే ఏపీఐ సర్వర్, రద్దయిన సర్టిఫికెట్ల జాబితాలను చూడదు. కొత్తగా అడిగేటప్పుడు ‘ఎక్స్‌పిరేషన్‌సెకండ్స్’ అనే గడి ద్వారా 600 సెకన్ల వరకూ గడువును తగ్గించి కోరవచ్చు. పాత పోస్టును నమ్మి, అభ్యర్థనను తొలగించి ఊరుకున్నవారు ఆ సర్టిఫికెట్ పొందిన యూజర్‌కు అధికారాలు ఇచ్చే రోల్ బైండింగులను, క్లస్టర్ రోల్ బైండింగులను దయచేసి ఈ రోజే తీసివేయండి.